జిన్నుల రాజు కొలువులో మానవుడు

పదవ శతాబ్దంలో బస్రా నగరాన, తమ పేర్లు వెల్లడించుకొనని కొందరు విద్వాంసులు ‘ఇఖ్వానుస్సఫా’ అన్న పేరుతో యాభైకి పైగా రిసాలాలు రచించారు. గణితం, సంగీతం, ఖగోళం, తర్కం, ఆత్మవిద్య – ఆనాటికి తెలిసిన శాస్త్రాలన్నిటినీ వాటిలో క్రోడీకరించారు. వారి విశ్వాసాల విషయంలో ఉలమాలకు గట్టి అభ్యంతరాలున్నాయి. వారి తత్త్వచింతనలో గ్రీకుల పాలు హెచ్చు అన్న విమర్శ నిరాధారమైనదేమీ కాదు. అయినప్పటికీ వారి 22వ రిసాలా మాత్రం అన్ని ఎల్లలూ దాటి ప్రయాణించింది. 1316లో అది హిబ్రూ భాషలోకి వెళ్లింది. 1810లో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల కోసం మౌల్వీ ఇక్రామ్ అలీ దానిని ఉర్దూలోకి తెచ్చారు. ఆ ఉర్దూ నుండి జాన్ డౌసన్ 1869లో ఆంగ్లంలోకి మార్చాడు. తొలినాటి ఉర్దూ గద్యంలో ఈ అనువాదానికి ఒక స్థానముంది. అయితే, పిల్లలకు చెప్పే జంతువుల కథగా చదివి ప్రక్కన పెట్టడం వల్ల దానికి అన్యాయమే జరిగింది. కథను పిల్లల ఆటగా భావించవద్దని రచయితలే చివర హెచ్చరించి ఉన్నారు.

కథ ఇది. సముద్రంలో గాలివానకు చిక్కిన ఒక ఓడ ఒక ద్వీపానికి కొట్టుకొని వస్తుంది. అది బీవరస్ప్ అనే జిన్నుల రాజు ఏలుబడిలోనిది. అక్కడ పశుపక్ష్యాదులు ఎవరి భయమూ లేకుండా తిరుగుతుంటాయి. ఓడ దిగిన మనుషులు వెంటనే తమ స్వదేశాల్లో చేసినట్లే వాటిని పట్టడం, కట్టడం, బరువులు మోయించడం మొదలుపెడతారు. తప్పించుకున్న వాటిని పారిపోయిన బానిసలంటారు. జంతువులు రాజును ఆశ్రయిస్తాయి. రాజు కొలువు తీర్చి ఇరుపక్షాలనూ పిలిపించి మనుషులను ఒకే ఒక ప్రశ్న అడుగుతాడు: ఇవి మీ బానిసలని, మీరు వీటి యజమానులని రుజువేమిటి?

రుజువుగా మనుషుల తరఫు వక్త మొదట చూపేవి దివ్యఖుర్ఆన్ వాక్యాలే. పశువులు మానవుని స్వారీకి, ఆహారానికి, దుస్తులకు వశపరచబడ్డాయని అతడు చదివి వినిపిస్తాడు. దీనికి కంచరగాడిద ఇచ్చే జవాబు రిసాలా మొత్తంలో మేలైన ఘట్టాలలో ఒకటి. సూర్యచంద్రులు, గాలి, మేఘాలు కూడా మానవునికి వశపరచబడ్డాయని అదే గ్రంథం చెబుతున్నది కదా, మరి సూర్యుడు మీ బానిసా, మేఘం మీ సొత్తా అని అది అడుగుతుంది. ఆ వాక్యాలు దేవుని అనుగ్రహాన్ని గుర్తు చేసేవే గాని మనుషులకు యాజమాన్యపత్రం వ్రాసి ఇచ్చేవి కావని దాని వాదం. ‘తస్‌ఖీర్’ అన్న పదంపై ఇంతకంటె సూటి వ్యాఖ్యానం పెద్ద పెద్ద గ్రంథాలలోనూ అరుదు. అది ఒక కంచరగాడిద నోట పలకడం రచయితల చమత్కారం.

ఆ తరువాత మనుషులు ఒక్కొక్క ఆధిక్యతనే ముందుకు తెస్తారు. నిటారైన శరీరం, చక్కని రూపు, పదునైన ఇంద్రియాలు, చేతిపనులు, రాజులు, కవులు, వైద్యులు, పట్టుబట్టలు, తేనె. ప్రతిదానికీ జంతువుల వద్ద సమాధానముంది. ఏ ప్రాణి రూపం ఆ ప్రాణి జీవనానికి తగినది. ఒంటె మెడ ఒంటెకు అందమే. తేనెటీగ కొలబద్ద, వృత్తలేఖిని లేకుండానే ఆరు భుజాల గదులు కడుతుంది. మీరు గొప్పగా చెప్పుకొనే పట్టు ఒక పురుగు చొంగ, మీ తేనె ఒక ఈగ కక్కినది, రెండూ మీరు లాక్కున్నవే. మధ్యలో గాడిద, ఎద్దు, పొట్టేలు, ఒంటె తమ బాధలు చెప్పుకొంటాయి. పంది మొర మరీ విడ్డూరం. ఒకరు తనను అపవిత్రమంటారు, ఒకరు పండుగనాడు ఇష్టంగా తింటారు, వైద్యులు తన కొవ్వును మందులలో వాడుతారు, ఇంతకూ తాను ఎవరికి మొరపెట్టుకోవాలో తెలియదు అని అది వాపోతుంది. ముస్లిం విద్వాంసులు తమ ధర్మంలో నిషిద్ధమైన జంతువుకు సైతం న్యాయస్థానంలో మాట్లాడే అవకాశమిచ్చారన్నది గమనించదగిన విషయం.

ఈ వ్యాజ్యం నేటికీ పాతబడలేదు. 1967లో చరిత్రకారుడు లిన్ వైట్ ప్రకృతి వినాశానికి మూలం పాశ్చాత్య క్రైస్తవంలోని మానవకేంద్ర దృష్టి అని వ్రాసినది మొదలు పశ్చిమ దేశాలలో పెద్ద చర్చ చెలరేగింది. ఈ నింద తమకు తగలదని ఊరట చెందిన ముస్లింలు లేకపోలేదు. అంతకు ఏడాది ముందే, 1966లో, సయ్యద్ హుసైన్ నస్ర్ చికాగోలో ఇచ్చిన ఉపన్యాసాలలో ఈ సంక్షోభం మనిషి ఆత్మలోనిదని చెప్పి ఉన్నారు. 1973లో నార్వే తత్త్వవేత్త ఆర్నే నెస్ మరొక అడుగు ముందుకు వేసి, జీవించి వర్ధిల్లే హక్కు సకల ప్రాణులకూ సమానమేనన్న సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. 1986లో అమెరికన్ తత్త్వవేత్త పాల్ టేలర్ ‘ప్రకృతి పట్ల గౌరవం’ అన్న గ్రంథంలో మానవుడు స్వభావతః శ్రేష్ఠుడన్న భావన వట్టి పక్షపాతమేనని వాదించాడు. మనిషికి బుద్ధి ఉన్నదంటే చిరుతకు వేగం, గద్దకు చూపు, కోతికి చురుకుదనం ఉన్నాయి. మనిషి గుణాన్ని కొలబద్దగా పెట్టుకొని మనిషినే గెలిపించడం ఏమి న్యాయం? టేలర్ బీవరస్ప్ కొలువును చదివినా చదవకపోయినా అతని వాదం ఆ కొలువులో పశుపక్ష్యాదులు చేసిన వాదమే. వెయ్యేళ్ల నాటి ఆ వాదం ఆధునిక తర్కపు దుస్తులు తొడుగుకొని వచ్చింది.

ఈ సమానత్వవాదంలో సత్యం లేదనడం తొందరపాటు. కంచరగాడిద అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా దానిని త్రోసిపుచ్చడం సాధ్యం కాదు. అయితే ఆ వాదం తన కాళ్లపై తాను నిలబడగలదా అన్నది వేరే సంగతి. నెస్ తన సూత్రానికి ‘సూత్రప్రాయంగా’ అన్న మాట తగిలించాడు, ఎందుకంటే బ్రతకాలంటే కొంత చంపడం, కొంత వాడుకోవడం తప్పదని ఆయనకు తెలుసు. టేలర్ కూడా సమానత్వం ప్రకటించిన తరువాత ఆత్మరక్షణ, తగు పాళ్లు, కనిష్ఠ హాని, న్యాయమైన పంపకం, జరిగిన నష్టానికి పరిహారం అన్న ఐదు నియమాలు చెప్పవలసి వచ్చింది. ఆ ఐదూ ఎవరిని ఉద్దేశించినవి? పులి లేడిని పట్టేటప్పుడు కనిష్ఠ హాని గురించి ఆలోచించాలని టేలర్ కోరలేదు. మిడతల దండు తిన్న పంటకు పరిహారమివ్వాలని ఎవరూ వ్రాయలేదు. అందరూ సమానులేనని చెప్పిన గ్రంథం మొదటి పుట నుండి చివరి పుట వరకు ఒక్క జాతితోనే మాట్లాడుతున్నది. అక్కడ సమానత్వం ఎక్కడున్నట్లు?

ఆచరణలో మరొక చిక్కు కూడా ఉంది. ‘మనిషి’ అన్న ఒక్క మాటలో అడవిని నరికించే కంపెనీని, అడవిలో తేనె ఏరుకొనే బీదవానిని కలిపివేస్తే శిక్ష ఎవరిపై పడుతుందో చెప్పనక్కరలేదు. 1989లో రామచంద్ర గుహ ఈ అంశాన్నే ఎత్తి చూపాడు. అమెరికాలో పుట్టిన అరణ్యసంరక్షణ సిద్ధాంతం భారతదేశంలో అమలైతే దాని భారం బీద రైతులపై, గిరిజనులపై పడుతుందని, 1973లో మొదలైన పులుల పథకమే అందుకు ఉదాహరణ అని ఆయన విమర్శ. నల్లమలలో తరతరాలుగా బ్రతుకుతున్న చెంచులకు ఈ విమర్శ అర్థం చెప్పనవసరం లేదు; వారి అడవే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యమైంది. పులికి న్యాయం జరగవలసిందే. కాని పులికి, మనిషికి మధ్య సమానత్వం పలికే నాలుక మనిషికి, మనిషికి మధ్యనున్న అసమానత్వం దగ్గర మూగబోతే ఆ నీతిశాస్త్రం సగమే.

తిరిగి కొలువుకు వస్తే, రోజుల తరబడి వాదించి మనుషులు అన్నిటా ఓడిపోతారు. చివరకు హిజాజ్ నుండి వచ్చిన ఒకడు లేచి, తమకు మరణానంతరం పునరుత్థానం, శాశ్వత జీవితం, స్వర్గం వాగ్దానం చేయబడ్డాయని, ఇతర ప్రాణులకు అవి లేవని చెబుతాడు. జంతువుల పక్షం ఇందుకు లొంగిపోతుంది. ఆపై సకల జాతుల సుగుణాలూ ఒక్కనిలో పోతపోసినట్లున్న ఒక పుణ్యపురుషుడు లేచి నాలుగు మాటలు పలుకుతాడు. ఒక యుగం గడిచేవరకు జంతువులు మానవుల ఆజ్ఞకు లోబడి ఉండాలని రాజు తీర్పు చెబుతాడు.

రిసాలాలో అతి బలహీనమైన భాగం ఇదే. ఇంతసేపు ప్రతి వాదాన్నీ గీటురాయిపై గీసి చూసిన రచయితలు ఈ ఒక్కదానిని గీయకుండానే మేలిమి అని ఒప్పుకున్నారు. దివ్యఖుర్ఆన్ 6:38లో నేలపై తిరిగే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మానవుల వంటి సముదాయాలేనని చెప్పబడింది. అదే వాక్యం చివర అవి తమ ప్రభువు వద్దకు సమీకరించబడతాయని కూడా ఉన్నది. 81:5లో అడవి మృగాల సమీకరణ ప్రస్తావన ఉంది. కొమ్ములు లేని గొర్రెకు కొమ్ముల గొర్రె నుండి ప్రళయదినాన ప్రతీకారం ఇప్పించబడుతుందన్న హదీసును ఇమామ్ ముస్లిం ఉల్లేఖించారు. ఆ తరువాత వాటి గతి ఏమిటన్న దానిపై వ్యాఖ్యాతలలో భేదాభిప్రాయాలుండవచ్చు. కాని పునరుత్థానం మనిషి ఒక్కనిదేనని, అందుచేత మిగిలిన ప్రాణులు అతని సొత్తని చెప్పడానికి ఆధారం చాలదు. 2012లో వెలువడిన తన గ్రంథంలో సార్రా త్లీలీ ఖుర్ఆన్ వ్యాఖ్యానాలను పరిశీలించి, మానవుడే సృష్టికి కేంద్రమన్న ధోరణి మూలగ్రంథంలో కంటె వ్యాఖ్యాతలలోనే హెచ్చని చూపారు. ఆమె నిర్ణయాలన్నిటినీ అంగీకరించకపోయినా, ఈ ఒక్క విషయంలో ఇఖ్వానుల తీర్పు ఆమె విమర్శకు గురి అవుతుంది.

విచిత్రమేమంటే, సరైన మాట కొలువులో పలకబడింది. పలికినది పక్షుల ప్రతినిధి బుల్‌బుల్. హిజాజీ స్వర్గం గురించి చెప్పినప్పుడు, మిగిలినది కూడా చెప్పమని అది అడుగుతుంది. సమాధిలో ప్రశ్నలు, లెక్క అప్పగింత, నరకశిక్ష, ఇవి కూడా మీకే కదా, మాకు లేవు కదా అంటుంది. వాగ్దానం, బెదిరింపు రెండూ మీవే, రెండూ మావి కావు, కనుక తక్కెడ సమానమే అని దాని భావం. దీనికి హిజాజీ ఇచ్చిన జవాబు జవాబు కాదు. ఏమైనా తాము శాశ్వతంగా ఉంటామని మాత్రమే అతడు అంటాడు. నరకంలో శాశ్వతంగా ఉండడం కూడా ఒక ఘనతే అన్నట్లుంది ఆ ధోరణి!

మనిషికి, ఇతర ప్రాణులకు నిజమైన తేడా బుల్‌బుల్ చూపిన చోటనే ఉన్నది. మనిషి ప్రశ్నించబడతాడు. భూమ్యాకాశాలు, పర్వతాలు మోయడానికి వెనుకాడిన అమానత్‌ను మానవుడు తలకెత్తుకున్నాడని 33:72 చెప్పి, ఆ వెంటనే అతనిని దుర్మార్గుడు, అవివేకి అంటుంది. సన్మానపత్రం ఈ తీరున వ్రాయబడదు. ఆదము సంతతికి గౌరవమొసగబడిందని చెప్పే 17:70లో కూడా సృష్టిలోని ‘అనేకుల’ కంటె అతనికి ఆధిక్యత అనే గాని అందరికంటె అని లేదు. ఉపన్యాస వేదికలపై తరచు వినబడే ‘అష్రఫుల్ మఖ్లూఖాత్’ అన్న పదబంధం ఖుర్ఆన్‌లో లేదు. 40:57 ప్రకారం భూమ్యాకాశాల సృష్టి మానవసృష్టి కంటె గొప్పది. ఖలీఫాను నియమించబోతున్నానన్న ప్రకటన వినగానే దైవదూతలకు స్ఫురించినవి అల్లకల్లోలం, రక్తపాతం (2:30). ఖలీఫా అన్న మాటను బిరుదుగా ధరించి నిశ్చింతగా నిద్రపోయేవారికి దైవదూతల ఆ సందేహం గుర్తుండదు.

రాబందుల ఉదంతం ఈ తేడాను బాగా తెలుపుతుంది. పశువుల నొప్పి తగ్గించేందుకు వాడిన డైక్లోఫెనాక్ అన్న మందు, చచ్చిన ఆ పశువులను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 1992 నుండి 2007 నాటికి భారతదేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య నూటికి 99.9 పాళ్లు పడిపోయింది. ఎవరూ రాబందులపై పగబట్టలేదు. పశువుకు మేలు చేయబోయారు. 2004లో కారణం నిర్ధారణ అయింది, 2006లో పశువైద్యంలో ఆ మందు నిషేధించబడింది. చంపినవాడు మనిషి, చంపానని తెలుసుకున్నవాడూ మనిషే, మానుకోవలసినవాడూ మనిషే. రాబందుకు మనిషితో సమాన విలువ ఉందా లేదా అని తేల్చి కూర్చున్నందువల్ల ఒక్క రాబందు కూడా బ్రతకదు. ఎవరు జవాబుదారి అన్న ప్రశ్నకు మాత్రం ఇక్కడ రెండు సమాధానాలు లేవు.

జబీహా విషయం దాటవేయడానికి వీలులేదు. సమానత్వవాది ముస్లింను అడిగే మొదటి ప్రశ్న అదే. ప్రాణుల మాంసం ధర్మసమ్మతమైనదే. కాని కత్తి ఆడించే ముందు అల్లాహ్ నామం ఉచ్చరించకుండా ఆ మాంసం ధర్మసమ్మతం కాదెందుకు? ఆ ప్రాణం కోసేవానిది కాదు గనుక. అసలు యజమాని అనుమతి లేనిదే దానిని ముట్టే అధికారం అతనికి లేదు. గొర్రె కళ్లెదుటే కత్తి నూరుతున్న వానిని దైవప్రవక్త (స) దానిని రెండుసార్లు చంపదలచావా అని మందలించినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. సొంత హక్కు ఉన్నవాడు ఇన్ని ఆంక్షలకు లోబడనక్కర లేదు. చీమ కుట్టినందుకు పుట్టనంతా కాల్పించిన ఒక పూర్వ ప్రవక్తను, ఒక్క చీమ కోసం దైవాన్ని స్తుతించే ఒక సముదాయాన్నే నాశనం చేశావా అని అల్లాహ్ మందలించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది.

ధర్మశాస్త్రవేత్తలు ఈ జవాబుదారీని ఎంతవరకు అమలుపరిచారన్నది పరిశీలిస్తే సంతృప్తి, అసంతృప్తి రెండూ కలుగుతాయి. ఉన్న కొద్దిపాటి నీరు తన పెంపుడు జంతువు దప్పికకు అవసరమైతే వుజూ మాని తయమ్ముమ్ చేయవచ్చునని, ఆ జంతువు కుక్క అయినా సరేనని ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. 1262లో మరణించిన ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలామ్ జంతువుల హక్కులను ఒక పట్టికగా వ్రాశారు: ముసలిదై, జబ్బుపడి ఎందుకూ పనికిరాకపోయినా మేత పెట్టాలి, మోయలేని బరువు వేయరాదు, దానికి హాని చేసే జంతువుతో కలిపి కట్టరాదు, దాని పిల్లలను దాని కళ్ల ముందు కోయరాదు. కాని యజమాని మేత పెట్టకపోతే? షాఫయీ, హంబలీ మజ్హబులలో ఖాజీ అతనిని నిర్బంధించగలడు. హనఫీ గ్రంథం ‘హిదాయా’ ప్రకారం మేత పెట్టడం దైవం ఎదుట అతని బాధ్యత. ఖాజీ మాత్రం బలవంతపెట్టడు. ఎందుకంటే హక్కుకోసం దావా వేయగల అర్హత జంతువుకు లేదు. ఇమామ్ అబూ యూసుఫ్ ఒక్కరు దీనికి భిన్నంగా, ఖాజీ నిర్బంధించాలన్నారు. దావా వేయలేని దానికి కొలువులో నోరిచ్చి, బస్రా రచయితలు ఖాళీగా ఉన్న ఆ స్థానాన్నే కథలో నింపారు. తెలుగునాట అధిక సంఖ్యాకులు హనఫీలే గనుక అబూ యూసుఫ్ అభిప్రాయానికి నేడు దక్కవలసిన పరిశీలన దక్కిందా అన్నది ఇక్కడి ఉలమాలు ఆలోచించవలసిన విషయం.

ఆలోచించడానికి చేరువలోనే కారణముంది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానాన ఉన్నది. తీగబోనుల్లో రెక్క చాచడానికైనా చోటులేకుండా కోడి తన జీవితకాలమంతా గడుపుతుంది. 2017లో భారత లా కమిషన్ తన 269వ నివేదికలో ఈ బోనుల విషయమే చర్చించింది. ముస్లిం వినియోగదారుడు దుకాణంలో అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: హలాలేనా? కత్తి ఆడిన ఆ ఒక్క క్షణం గురించి అతనికి ఎంతో పట్టింపు; అంతకు ముందు గడిచిన వారాలు, నెలల గురించి ఏ పట్టింపూ లేదు. ఇజ్జుద్దీన్ పట్టికను ఎదుట పెట్టుకొని చూస్తే ఆ బోనులో ఎన్ని హక్కులు మిగిలి ఉన్నాయి? 2024లో నైరోబీలో ‘అల్ మీజాన్’ పేరిట ముస్లిం విద్వాంసుల పర్యావరణ ఒడంబడిక వెలువడింది. అందులోని సూత్రాలు ఉదాత్తమైనవే. అవి కోళ్లఫారం గేటు దాటి లోపలికి వెళ్లనంతవరకు బీవరస్ప్ కొలువులో మనుషులు చేసిన ఉపన్యాసాలకు, వాటికి పెద్ద తేడా కనిపించదు.

ఆ కొలువులో జంతువులు రోజుల తరబడి మాట్లాడాయి. ఎవరు శ్రేష్ఠులన్న దానిపైనే తీర్పు వచ్చింది. ఎవరి ఒంటెకు గాయమైంది, ఎవరి ఎద్దు ఆకలితో ఉంది అన్నది రాజు అడగలేదు. ఫిర్యాదు విన్న మరొక సందర్భం అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. మహాప్రవక్త (స) మదీనాలో ఒక అన్సారీ తోటలోకి ప్రవేశించారు. అక్కడ ఉన్న ఒంటె ఆయన (స)ను చూడగానే మూలిగింది. దాని కళ్ల నుండి నీరు కారింది. ఆయన (స) దగ్గరకు వెళ్లి దాని చెవుల వెనుక నిమిరారు. అది ఊరుకున్నది. మనిషి గొప్పా ఒంటె గొప్పా అన్న మాట అక్కడ రాలేదు. ఈ ఒంటె యజమాని ఎవరని మాత్రమే ఆయన (స) అడిగారు. అన్సారులలో ఒక యువకుడు ముందుకు వచ్చి, అది తనదేనని చెప్పాడు. నీ చేతికి అప్పగించబడిన ఈ జీవి విషయంలో అల్లాహ్‌కు భయపడవా, నీవు దానిని ఆకలితో మాడ్చి అలుపెరుగక పని చేయిస్తున్నావని అది నాతో మొరపెట్టుకున్నది అని ఆయన (స) అతనితో అన్నారు.